వాన లెక్క

తెర మీద వాన కనబడాలంటే లైటు వెనకాల ఉండాలి. ముందు నుంచి ఎంత పెద్ద లైటు కొట్టినా చినుకు కనబడదు. ఆర్టిస్టు తడుస్తాడు, నేల తడుస్తుంది, వాన మాత్రం రాదు. అదే వానకు అవతలి పక్క నుంచి కెమెరా వైపుకు లైటు పడితే ఒక్కో చినుకూ విడివిడిగా మెరుస్తుంది. రెయిన్ ఎఫెక్ట్ పనిలోకి నీలా కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు నేను చెప్పే మొదటి పాఠం ఇదే. రెండోది, నీళ్లను కిందికి కొట్టొద్దు, పైకి కొట్టు. స్ప్రింక్లర్ మూతి ఆకాశం వైపు ఉండాలి. నీళ్లు పైకి లేచి, అక్కడ విడిపోయి, తమ బరువుకు తాము కిందికి రావాలి. అప్పుడే అది వాన.

ఒకసారి పెద్ద పాట. క్రేన్ మీద పైపులు కట్టాం. ప్రెషర్ చాలట్లేదని కొత్త కుర్రాడొకడు ఎవరికీ చెప్పకుండా మూతులన్నీ కిందికి తిప్పేశాడు. మోటార్ వేయగానే ముందు వరస డాన్సర్ల విగ్గులు ఊడాయి, మేకప్ కారింది, షూటింగ్ ఆగిపోయింది. మేనేజర్ వాణ్ణి అక్కడికక్కడే పంపించేయమన్నాడు. నేను పంపలేదు. ఇప్పుడు వాడే నా బృందంలో వాల్వ్ మనిషి.

వాన మొదలుపెట్టడం ఎవడైనా చేస్తాడు. ఆపడమే పని. కట్ చెప్పాక కూడా పైపులో మిగిలిన నీళ్లు టపటపా కారుతూనే ఉంటాయి. ఆ చప్పుడు, ఆ బొట్లు తర్వాతి షాట్‌ను చెడగొడతాయి. అందుకే పైపు వరుసకు అడుగున ఒక డ్రెయిన్ వాల్వ్ పెట్టి, మోటార్ ఆపిన క్షణంలోనే దాన్ని తెరవాలి. మా మేస్త్రి ఒక రాత్రి షూటింగులో మొదటిసారి నా చేతికి వాల్వ్ ఇచ్చాడు. హీరోయిన్ మాట పూర్తయ్యేసరికి వాన సన్నబడి, ఆమె తలెత్తేసరికి పూర్తిగా ఆగాలి. ఆగింది. డైరెక్టర్ మానిటర్ మీంచి తల తిప్పలేదు. మేస్త్రి మాత్రం నా వీపు మీద చేయి వేసి, "ఇప్పుడు నీకు వాన వచ్చిందిరా అబ్బాయ్" అన్నాడు.

ఆయన మద్రాసు మనిషి. కోడంబాకం స్టూడియోల్లో పైపులు మోసి పని నేర్చుకున్నవాడు. 1976లో అన్నపూర్ణ స్టూడియో మొదలయ్యాక, పరిశ్రమ ఒక్కో అడుగే హైదరాబాదుకు జరుగుతుంటే, దానితో పాటు వచ్చేశాడు. జూబ్లీహిల్స్ అంతా బండలూ తుప్పలూ ఉన్న రోజుల్ని చూశాడు. నాకు వాల్వ్ నేర్పిందీ ఆయనే, ఈ వ్యాసానికి పనికొచ్చే లెక్క నేర్పిందీ ఆయనే. చదరపు మీటరు చోటు మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే ఒక లీటరు. అంతే. ఈ ఒక్క ముక్క కంఠతా వస్తే ట్యాంకర్లు ఎన్ని పిలవాలో నీకు తెలుస్తుంది. ఇంకా చాలా తెలుస్తాయి.

చేసి చూడు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఫీల్డు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్ మొత్తం దించితే అక్కడ 50 మిల్లీమీటర్ల వాన. డైరెక్టర్ అడిగే జోరుకు అది పావుగంట వస్తే గొప్ప. హైదరాబాదులో ఏడాది మొత్తానికి కురిసేది సుమారు 800 మిల్లీమీటర్లు. అంటే ఆ ఫీల్డు మీద పైవాడు ఏడాదంతా కురిపించేది 16 ట్యాంకర్లు. ఒక పాటకు మేం ఒక్క రాత్రిలో అది దాటించిన సందర్భాలున్నాయి. అందుకే ఈ పనిలో ఉన్నవాడు నీటి సంగతి మాట్లాడకుండా తప్పించుకోకూడదు.

ఇప్పుడు ఇదే లెక్క ఇళ్ల మీద వెయ్యి. జూబ్లీహిల్స్‌లో 200 చదరపు మీటర్ల స్లాబున్న ఇల్లు. దాని మీద ఏడాదికి పడే వాన 1,60,000 లీటర్లు, 32 ట్యాంకర్ల నీళ్లు. సంపు ఉంది, ఇంకుడు గుంత ఉంది, బోరు ఉంది. పట్టుకుంటే అంతా వాళ్లదే. అదే కొండ మీద, ఫిలింనగర్ బస్తీలో పదడుగులకు పన్నెండడుగుల రేకుల గది. దాని మీద పడేది తొమ్మిది వేల లీటర్ల లోపు, రెండు ట్యాంకర్లు కూడా కాదు. పట్టుకుందామన్నా నాలుగు డ్రమ్ములకు మించి చోటు లేదు. రెండు ఇళ్ల మీదా కురిసింది ఒకే వాన. ఒక ఇంటికి అది ఆస్తి, ఇంకో ఇంటికి రేకుల మీద చప్పుడు.

ఈ తేడా ఎప్పుడూ ఉన్నదే. నేను పనిలోకి వచ్చాక మారింది వాన కురిసే తీరు. నెమ్మదిగా నాలుగు రోజులు పడితే గుంతలోకి దిగుతుంది, బండరాయి సందుల్లోకి ఇంకుతుంది. ఒక్క రాత్రిలో పడితే ఏ గుంతా పట్టదు. 2020 అక్టోబరు 13న బేగంపేటలో 19 సెంటీమీటర్లు పడింది. ఘట్‌కేసర్‌లో 32. ఆ 200 చదరపు మీటర్ల స్లాబు మీద బేగంపేట వాన పడిందనుకో, ఒక్క రోజులో 38 వేల లీటర్లు. సంపు నిండుతుంది, గుంత నిండుతుంది, మిగిలిందంతా గేటు కింద నుంచి రోడ్డెక్కుతుంది. జూబ్లీహిల్స్ రోడ్డు ఎటు వాలుంది? కృష్ణానగర్ వైపు, యూసుఫ్‌గూడ వైపు.

కృష్ణానగర్ గురించి నీకు చెప్పేదేముంది, నువ్వు దిగిందే అక్కడ. లైట్‌మ్యాన్లు, జూనియర్ ఆర్టిస్టులు, డాన్సర్లు, సెట్ వర్కర్లు, అవకాశం కోసం ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు అందరూ అక్కడి గదుల్లోనే. కింది గదికి అద్దె తక్కువ, పై గదికి ఎక్కువ. ఆ తేడా ఎందుకో గట్టి వాన పడిన రాత్రి తెలుస్తుంది. మొదట నీళ్లు వాకిట్లోంచి రావు, బాత్రూం జాలీలోంచి వస్తాయి. డ్రైనేజీ నిండి ఎదురు తన్నుతుంది. నల్లటి నీళ్లు బుడగలు వేస్తుంటే చాలామంది వాకిట్లో గోనెసంచులు పేర్చే పనిలో ఉంటారు. ముందు జాలీ మూయి. ప్లాస్టిక్ సంచిలో తడి ఇసుక నింపి, మూతి కట్టి, జాలీ మీద పెట్టి, దాని మీద నిండు బకెట్ పెట్టు. తర్వాత ఫ్రిజ్ ప్లగ్ తీసెయ్యి. తర్వాత బియ్యం, సర్టిఫికెట్లు, పిల్లల పుస్తకాలు అటక మీదికి. బండిని ఉదయమే పై రోడ్డులో పెట్టి రా, సందులో ఉంటే కొట్టుకుపోతుంది. మా సందులో బైకులు వరద నీళ్లలో ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకుపోవడం నా కళ్లతో చూశాను.

ఆ 2020నే గుర్తు తెచ్చుకో. మార్చిలో కరోనాతో షూటింగులు ఆగిపోయాయి. చిరంజీవి గారి ఆధ్వర్యంలో కరోనా క్రైసిస్ ఛారిటీ సరుకులు ఇచ్చింది కాబట్టి చాలా ఇళ్లలో పొయ్యి వెలిగింది. కాస్త పనులు మొదలై, ఒకటో రెండో కాల్‌షీట్లు దొరికే సమయానికి అక్టోబరు వాన. మిగిలిన కాస్త సామానూ తడిసింది. ప్రభుత్వం ముంపు ఇళ్లకు పదివేల సాయం ప్రకటించింది. నవంబరులో మీసేవ కేంద్రాల ముందు తెల్లవారుజాము నుంచి ఆడవాళ్లు బారులు తీరారు. అంతలో జీహెచ్ఎంసీ ఎన్నికల నియమావళి వచ్చి పంపిణీ ఆగింది. మా సందులో ఒకావిడ పైన ఇళ్లలో వంట పని చేసేది. ఇల్లు ఎత్తిపోసుకునేందుకు రెండు రోజులు, క్యూలో రెండు రోజులు పోతే, పనిచేసే ఇంట్లో వేరే మనిషిని పెట్టుకున్నారు. నీళ్లు రెండు రోజుల్లో పోయాయి. ఆ పని మాత్రం ఆమెకు తిరిగి రాలేదు.

వాన వల్ల పోయేది సామాను ఒక్కటే అనుకోకు, రోజులు పోతాయి. మన కూలి రోజు లెక్క. మే నెల అంటే ఇదివరకు అవుట్‌డోర్‌కు ధైర్యంగా కాల్‌షీట్ వేసేవాళ్లు. 2025లో రుతుపవనాలు కేరళను మే 24నే తాకాయి. తర్వాత ఒకటి రెండు రోజుల్లోనే తెలంగాణలోకి వచ్చేశాయి. మామూలుగా జూన్ మొదటి వారం దాటాక రావాల్సినవి. ఆ మే చివరి వారానికి వేసిన అవుట్‌డోర్ కాల్స్ ఎన్నో రద్దయ్యాయి. ఇందులో ఇంకో సంగతి ఉంది. మునుపు వాన ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు కాబట్టి యూనిట్ మొత్తం లొకేషన్‌కు వెళ్లేది. వాన పడితే ప్యాకప్. వచ్చినందుకు ఎంతో కొంత బేటా, అంటే రోజు భత్యం, చేతికొచ్చేది, మధ్యాహ్నం భోజనం దొరికేది. ఇప్పుడు అందరి ఫోన్లలో రాడార్ బొమ్మలున్నాయి. ముందు రోజు రాత్రి తొమ్మిదికే మేనేజర్ ఫోన్ చేసి, "అన్నా, రేపు కాల్ లేదు" అంటాడు. నిర్మాతకు నష్టం తప్పింది, మంచిదే. ఆ నష్టం గాల్లో కలిసిపోలేదు, లైట్‌మ్యాన్ ఇంటికి వెళ్లింది.

2023 చూడు. జూలై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 64.9 సెంటీమీటర్లు కురిసింది, రాష్ట్రంలో అదే రికార్డు. ఇక్కడా ఆ వారమంతా ముసురే. మేం ఒక సీను సగం నిజం వానలోనే తీశాం. నెల తిరిగేసరికి ఆగస్టు. 1901 నుంచి లెక్కలు చూస్తే దేశం మొత్తం మీద అంత పొడి ఆగస్టు లేదు. మిగతా సగం సీనుకు కంటిన్యూటీ కావాలి కదా, మమ్మల్ని పిలిచారు. ఎర్రటి ఎండాకాలంలో లాగే నల్లగుడ్డలు కట్టి, ట్యాంకర్లు పెట్టి, ఆగస్టులో జూలై వాన కురిపించాం. అదే రోజుల్లో మా అన్న ఊళ్లో పత్తి చేను ముందు నిలబడి మొగులు వంక చూస్తున్నాడు.

మాది పాలమూరు. దేవరకద్ర దగ్గర. 2002లో కరువు. మా ఊరోళ్లు బొంబాయి బస్సెక్కితే నేను హైదరాబాదు బస్సెక్కాను. మొదట సెట్లకు మట్టి మోసే పని. 2004 సంక్రాంతికి 'వర్షం' సినిమా వచ్చి ఆడేసరికి వాన పాట అడగని డైరెక్టర్ లేడు. మేస్త్రికి మనుషులు చాలక నన్ను పైపుల మీదికి తీసుకున్నాడు. ఊళ్లో వాన లేక వచ్చినవాడికి ఇక్కడ వాన కురిపించే పని దొరికింది. ఆ అన్నం తిన్నాను కాబట్టే ఇదంతా చెబుతున్నాను.

మా ఊరికి దగ్గర్లోనే దోకూరు. పటాన్‌చెరు ఇక్రిశాట్ వాళ్లు 1975 నుంచి దోకూరులో, అప్పటి మా పాలమూరు జిల్లాలోని ఔరేపల్లిలో, మహారాష్ట్రలోని మరికొన్ని పల్లెల్లో ఇంటింటికీ తిరిగి పంటెంత, కూలెంత, అప్పెంత అని రాసుకున్నారు. మా చిన్నప్పుడు వాళ్లను లెక్కల సార్లు అనేవాళ్లం. ఆ లెక్కలు పట్టుకుని 1993లో మార్క్ రోజెన్‌జ్వైగ్, హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఒక సంగతి తేల్చారు. వాన మొదలయ్యే తేదీ ఏటికేడు ఊగిసలాడే ఊళ్లలో ఎవరు ఎంత నష్టపోతారన్నది వాళ్ల ప్రశ్న. ఆ ఊగిసలాట ఒక మోతాదు పెరిగితే నడిమి ఆస్తి ఉన్న ఇంటికి సేద్యపు లాభం 15 శాతం తగ్గుతుంది. అడుగున ఉన్న పావు వంతు ఇళ్లకు 35 శాతం. పైనున్న ఆసాములకు దాదాపు తేడాయే లేదు. కారణం అప్పుడప్పుడూ పంట పోవడం ఒక్కటే కాదు. లేనివాడు భయంతో ముందే తగ్గుతాడు. ఎక్కువ పండే పంట వదిలి, ఎట్లాగైనా చేతికొచ్చే పంట వేస్తాడు. వాన బాగా కురిసిన ఏడు కూడా వాడికి తక్కువే మిగులుతుంది.

ఇది చదివినప్పుడు నాకు మా కృష్ణానగర్ లైట్‌మ్యాన్లు గుర్తొచ్చారు. ఆగస్టు, సెప్టెంబరుల్లో పెద్ద సినిమా అవుట్‌డోర్ పిలిచినా, వెళ్లకుండా టీవీ సీరియల్ ఇండోర్‌లో తక్కువ కూలికి కుదురుకుంటారు. ఫ్లోర్‌లో వాన పడదు, రోజు పోదు. పని తెలియక కాదు, రెండు రోజులు పోతే చీటీ కట్టలేరు. పెద్ద సినిమా చేస్తే పేరొస్తుంది, తర్వాతి పిలుపు వస్తుంది. ఆ దారి అట్లా మూసుకుపోతుంది. భయం పెట్టే ఖర్చు ఏ లెక్కల పుస్తకంలోనూ పడదు.

మా పెద్దమ్మను రాయచూరు పక్కకిచ్చారు. అంత దూరం ఎందుకిచ్చారని మా అమ్మమ్మను అడిగితే, "అక్కడ కాలువుంది బిడ్డా" అనేది. మాకు ఎండిన ఏడు పెద్దమ్మ ఇంటి నుంచి వడ్ల సంచి వచ్చేది. ఇలా దూరపు సంబంధాలు చేసుకోవడం కరువుకు తట్టుకునే ఉపాయమని అదే రోజెన్‌జ్వైగ్, ఒడెడ్ స్టార్క్‌తో కలిసి 1989లోనే రాశాడు. వాళ్లు చూసిందీ ఇక్రిశాట్ పల్లెల లెక్కలే. ఇప్పుడు మా అన్న ఎండిన ఏడు నాకు ఫోన్ చేస్తాడు. ఆ ఏడు ఇక్కడ వానకు కాల్స్ రద్దయి ఉంటే ఇద్దరమూ ఒకేసారి మునుగుతాం. ఈ కొత్త వానల్లో అదే ఎక్కువ భయం. 2009లో చూశాంగా, పైర్లు ఎండిన అదే సంవత్సరం అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగి కర్నూలు, అలంపూర్ మునిగాయి.

మళ్లీ పనిలోకి వద్దాం. నీళ్లెక్కడివో తెలియకుండా ట్యాంకర్ పిలవకు. బాగా లోతు బోరు నీళ్లయితే ఉప్పదనం ఉంటుంది. ఆరాక నల్ల కోటు మీద, కారు అద్దం మీద తెల్ల మచ్చలొస్తాయి, కాస్ట్యూమ్స్ వాళ్లు నీ మీద పడతారు. కుంట నీళ్లయితే ఆర్టిస్టులకు దురదలు. ఎండాకాలం ఇంకో సంగతి ఉంది. జలమండలి ట్యాంకర్ ఇంటి అవసరానికైతే ఐదు వేల లీటర్లు 500 రూపాయలు, కానీ ఏప్రిల్ వచ్చేసరికి బుక్ చేసినా రోజుల తరబడి ఎదురుచూడాలి. ప్రైవేటువాడు రెట్టింపు అడుగుతాడు. 2016 ఎండాకాలంలో సింగూరు, మంజీర, గండిపేట, హిమాయత్‌సాగర్ అన్నీ అడుగంటాయి. కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చి ఉండకపోతే నగరం ఏమయ్యేదో. ఆ రోజుల్లో ఒక లొకేషన్‌లో మా ట్యాంకర్ దించుతుంటే పక్క బస్తీ ఆడవాళ్లు బిందెలతో వచ్చి నిలబడ్డారు. ఎవరూ ఏమీ అనలేదు. మేస్త్రి మోటార్ ఆపి, మేనేజర్‌తో మాట్లాడి, ముందు బిందెలు నింపించాడు. 2021 జనవరి నుంచి ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితం చేశారు, ఆ మేలు చిన్నది కాదు. అయితే ఆ నీళ్లు కొళాయి దాకా వచ్చిన ఇంటికే ఆ మేలు.

ఆడవాళ్లు బిందెలతో వచ్చి నిలబడ్డ ఆ రోజు నుంచి మా బృందంలో ఒక పద్ధతి ఉంది. ఫీల్డు కింద మందపాటి టార్పాలిన్ పరిచి, నాలుగు పక్కలా ఇసుక మూటలతో గట్టు కడతాం. నేలను ఒక మూలకు వాలుగా చేస్తాం. ఆ మూలన చిన్న గుంత, అందులో మోటార్. నీళ్లు రెండు పొరల బట్టలోంచి వడగట్టి మళ్లీ ట్యాంకులోకి. మట్టి రోడ్డు సీనుకు ఇది కుదరదు. తారు రోడ్డుకు, సెట్‌కు బాగా కుదురుతుంది. ట్యాంకర్ల ఖర్చు బాగా తగ్గుతుంది కాబట్టి మేనేజర్ కూడా కాదనడు. ప్యాకప్ అయ్యాక మిగిలిన నీళ్లను రోడ్డు మీద వదలం. స్టూడియోలో ఇంకుడు గుంత ఉంటే అందులోకే. గుంత ఎలా ఉండాలో చూడాలంటే జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 51లో జలమండలి పెట్టిన వాన నీటి పార్కుకు వెళ్లు. ఒక పూట తిరిగితే మేం ఏళ్లు పట్టి నేర్చుకున్నది కళ్లకు కనబడుతుంది.

ఇక కూలి సంగతి. 2025 ఆగస్టులో 30 శాతం పెంపు కోసం మా సినీ కార్మికుల ఫెడరేషన్ సమ్మె చేసింది, విడతలవారీగా పెంపు సాధించుకున్నాం. పెరిగింది రోజు రేటు. రోజులే తగ్గితే ఆ రేటు ఏం చేసుకుంటాం? వానకు రద్దయిన కాల్‌కు సగం కూలి ఇవ్వాలని నేను సమావేశాల్లో అడుగుతున్నాను, అడుగుతూనే ఉంటాను. డబ్బెక్కడిదంటారు. 2003లో మా మహబూబ్‌నగర్ జిల్లాలోనే బేసిక్స్ సంస్థ, ఐసీఐసీఐ లొంబార్డ్ కలిసి రైతుకు వాన బీమా మొదలుపెట్టాయి. చేను చూడ్డానికి మనిషి రానక్కర్లేదు. దగ్గర్లోని వానమానిలో కొలత ఇంతకన్నా తగ్గితే డబ్బు ఇచ్చేయడమే. మనకు దాన్ని తిరగేసి పెట్టుకోవచ్చు. లొకేషన్ దగ్గరి వానమానిలో ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు ఇన్ని మిల్లీమీటర్లు దాటితే యూనిట్‌లో ప్రతి రోజుకూలీకి సగం కూలి. ప్రీమియం ఒక్కో కాల్‌షీట్‌లో కలిపి కట్టాలి, నిర్మాత ఎక్కువ భాగం, మనం కొంచెం. కెమెరాకు బీమా ఉంది, కారుకు బీమా ఉంది. ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర గీత గీయాలన్నది ఒక్కటే తేలాలి. లైట్లు తడిసి షాక్ కొట్టే ప్రమాదం ఎక్కడ మొదలవుతుందో లైట్‌మ్యాన్లకు తెలుసు, వాళ్లనే అడగాలి. వచ్చే సమావేశానికి నువ్వూ రా. చదరపు మీటరు లెక్క కాగితం మీద వేసి తీసుకురా.